నెగటివ్ కూడా మాతృకయే: పాత ఫిల్ములను ఇంటివద్దనే కెమెరాతో డిజిటల్ ప్రతులుగా చేసే పద్ధతి

నాగార్జునకొండ లోయలో 1954 నుండి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వాన భారత పురావస్తు సర్వేక్షణ శాఖ జరిపిన తవ్వకాలు గడువుతో పోటీపడి సాగినవి. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగరుకు శంకుస్థాపన జరిగింది. 1967 నాటికి ఆనకట్ట పూర్తయింది. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉన్న లోయ జలాశయగర్భంలో కలిసిపోయింది. కొన్ని కట్టడాలను కొండమీదికి, మరికొన్నింటిని తీరాన ఉన్న అనుపుకు తరలించి తిరిగి నిలబెట్టారు. శిల్పాలు, శాసనాలు ప్రదర్శనశాలకు చేరాయి. అయితే తవ్విన గోతి అంచున కనబడే మట్టిపొరలను తరలించడం ఎవరి తరమూ కాదు. ఒక ఇటుక వరుస మరొకదానిపై ఎక్కిన తీరు, విహారంలో గడపరాయి అరిగిన తీరు, స్తూపానికీ చైత్యగృహానికీ నడుమనున్న నేలవాలు కూడా అటువంటివే. వీటికి నేడు మిగిలిన సాక్ష్యం నాటి కొలతపటాలు, నాటి ఫిల్ముపై నిలిచిన వెండి ఛాయలు మాత్రమే.

ప్రచురితమైన నివేదికలో ఆ ఛాయాచిత్రం ఉన్నది కదా, నెగటివ్‌తో పనియేమి అన్న ప్రశ్న సహజమే. అచ్చుపుస్తకంలోని చిత్రం చుక్కల జల్లెడ గుండా వచ్చినది. దానిని భూతద్దం కింద పెట్టి చూస్తే చుక్కలే పెద్దవవుతాయి గాని రాయి దగ్గరకు రాదు. కాగితపు ప్రింటు కూడా నెగటివ్‌లోని వెలుగునీడల వ్యాప్తిని కుదించి చూపుతుంది. నీడలో కలిసిపోయిందని భావించిన శాసనపంక్తి నెగటివ్‌లో తరచుగా పదిలంగా ఉంటుంది. అందుచేత ప్రింటు ఉన్నంత మాత్రాన నెగటివ్ అనవసరమనడం, ముద్రిత గ్రంథం ఉన్నది గనుక తాళపత్రం అక్కరలేదనడం వంటిది.

పెద్ద సంస్థల నెగటివ్‌లకు పెద్ద యంత్రాలు ఉంటాయి. చిక్కంతా చిన్న సంగ్రహాలతోనే. తవ్వకాలలో పనిచేసి పదవీవిరమణ చేసినవారి ఇండ్లలోను, 1956 నాటి 2500వ బుద్ధజయంతి ఉత్సవాలను చిత్రించిన స్థానిక స్టూడియోలలోను, విహారాల బీరువాలలోను, కీర్తిశేషులైన ఆచార్యుల పెట్టెలలోను ఉన్న ఫిల్ములు ఏ జాబితాలోను చేరవు. 1980లలో విశాఖపట్నం సమీపాన బావికొండ, తొట్లకొండలపై తవ్వకాలు మొదలైననాటికి రంగుల ఫిల్ము వాడుకలోకి వచ్చింది. ఆ రంగులు నల్లని వెండికన్న వేగంగా వెలిసిపోతాయి. ఇటువంటి సంగ్రహాలను ఎవరో వచ్చి కాపాడే వరకు ఉంచుదామనుకుంటే తీర ప్రాంతపు ఉక్కపోత అంతకాలం ఆగదు. సాధారణ డిజిటల్ కెమెరా, మాక్రో లెన్సు, సమమైన వెలుగునిచ్చే ఎల్‌ఈడీ పలక, కెమెరాను కిందికి చూసేలా పట్టి ఉంచే గట్టి స్టాండు ఉంటే ఒక గదిలోనే ఈ పనిని పరిశోధనకు పనికివచ్చే ప్రమాణంలో చేయవచ్చును. ఇంటిపని గదా అని ప్రమాణాన్ని సడలించవలసిన అవసరం లేదు. ఆ ప్రమాణం ఏమిటన్నదే ఇక్కడి విషయం.

అన్నిటికంటె ముందు చేతిలో ఉన్నది ఏ జాతి ఫిల్మో తెలియాలి. పాత ఫిల్ములలో సెల్యులోజ్ నైట్రేటుతో చేసినవి తేలికగా అంటుకొంటాయి. ఒకసారి అంటుకొంటే నీటితో ఆరవు. కొడాక్ సంస్థ 1950ల ఆరంభానికే నైట్రేటు ఫిల్ము తయారీని పూర్తిగా మానివేసింది. కనుక అంతకుముందరి ఫిల్ము అంచున ‘సేఫ్టీ’ అన్న ఆంగ్లాక్షరాలు లేకపోతే దానిని నైట్రేటుగానే భావించి జాగ్రత్తపడాలి. పసుపు లేదా గోధుమవన్నెకు తిరిగి, జిగటగా మారి, ఘాటైన ఆమ్లవాసన వేసే ఫిల్మును వెలుగుపలకపై పెట్టనేకూడదు. దానిని మిగిలినవాటినుండి వేరుచేసి, చల్లని, గాలి ఆడే చోట ఉంచి సంరక్షణ నిపుణులకు అప్పగించాలి. అంచు ముక్క కత్తిరించి కాల్చిచూడడం వంటి పరీక్షలు ఇంట చేయదగినవి కావు.

తరువాతి తరానికి చెందిన ఎసిటేటు ఫిల్ము అంత తేలికగా అంటుకోదు గాని పులుస్తుంది. డబ్బా మూత తీయగానే వినిగరు వాసన వస్తే క్షయం మొదలైనట్లే. ఆ ఆమ్లపు ఆవిరి పక్కనున్న మంచి ఫిల్మును కూడా పాడుచేస్తుంది. క్షయం ముదిరితే ఆధారపు పొర కుంచించుకుపోయి, పైనున్న చిత్రపు పొర ముడతలుగా లేస్తుంది. ఆ దశలో గాజుపలకతో అదిమి చదునుచేయాలని చూస్తే ముడత విరిగి చిత్రం పోతుంది. వాసన వచ్చే డబ్బాలనే ముందుగా చిత్రించడం వివేకం. చక్కగా ఉన్నవి ఇంకొంతకాలం ఆగగలవు. సంగ్రహంలో అందమైన చిత్రాలతో మొదలుపెట్టాలన్న ఆశ సహజమే గాని, పులుస్తున్న డబ్బా ఆ ఆశ తీరేవరకు వేచి ఉండదు.

ఇక అమరిక. ముప్పైఐదు మిల్లీమీటర్ల ఫిల్ములో ఒక చిత్రం 24 మి.మీ. ఎత్తు, 36 మి.మీ. వెడల్పు ఉంటుంది. అదే పరిమాణపు సెన్సరు గల 24 మెగాపిక్సెళ్ల కెమెరాకు ఒకటికొకటి నిష్పత్తినిచ్చే మాక్రో లెన్సు తగిలిస్తే, 36 మిల్లీమీటర్లకు 6000 పిక్సెళ్లు, అనగా అంగుళానికి సుమారు 4200 పిక్సెళ్లు లభిస్తాయి. చేతితో పట్టుకొని తీసిన పాత ఫిల్ములలో అంతకు మించిన వివరం అరుదు. ఆరు సెంటీమీటర్ల చతురస్రపు ఫిల్ముకు ఒకే చిత్రంలో అంగుళానికి 1800 పిక్సెళ్లు వస్తాయి. అది చాలదనుకుంటే ఫిల్మును కొద్దికొద్దిగా జరుపుతూ భాగాలుగా తీసి, కంప్యూటరులో అతికించాలి. భాగాల అంచులు మూడోవంతు వరకు ఒకదానిపై ఒకటి పడితే అతుకు నిలుస్తుంది. పెద్ద గాజుపలకలకు ఈ పద్ధతి తప్పనిసరి. అయితే జరపవలసినది పలకను గాని కెమెరాను కాదు.

వెలుగు విషయంలో చౌకతనం చెల్లదు. రంగులను యథార్థంగా చూపే గుణాంకం 95కు తగ్గని ఎల్‌ఈడీ పలక కావాలి. చేతిఫోను తెరను వెలుగుగా వాడేవారున్నారు. ఫిల్మును నేరుగా దానిపై పెడితే తెరలోని చుక్కల వల చిత్రంలోకి దిగుతుంది. ఏ వెలుగుకైనా పైన పాలరంగు అక్రిలిక్ పలక ఉంచి, దానికి రెండు మూడు అంగుళాల ఎత్తున ఫిల్మును నిలపాలి. అప్పుడు పలకమీది దుమ్ము దృష్టికేంద్రానికి అందక మాయమవుతుంది. ఫిల్ము చుట్టూ ఉన్న వెలుగును నల్లని అట్టతో కప్పాలి. కప్పకపోతే పక్కనుండి వచ్చే వెలుగు లెన్సులో చెదిరి చిత్రంలోని నీడలను పలుచన చేస్తుంది. కొన్ని ఎల్‌ఈడీ దీపాల వెలుగును తగ్గించినప్పుడు అవి కంటికి తెలియనంత వేగంగా ఆరి వెలుగుతుంటాయి. చిత్రంలో అడ్డచారలు పడితే కారణం ఇదే. దీపాన్ని పూర్తి వెలుగులో ఉంచి, షట్టరు కాలాన్ని పెంచితే చారలు పోతాయి.

లెన్సుకూ ఫిల్ముకూ సమాంతరత కుదరకపోతే ఎంత ఖరీదైన లెన్సైనా వ్యర్థమే. ఇంత దగ్గరగా, ఎఫ్ 8 వద్ద తీసేటప్పుడు స్పష్టంగా నిలిచే లోతు ఒక మిల్లీమీటరుకు లోపే. ఒక మూల స్పష్టంగాను, ఎదుటి మూల మసకగాను వస్తే తప్పు ఇక్కడే ఉన్నది. దీనికి ఒక సులభోపాయం ఉంది. ఫిల్ము ఉండవలసిన చోట చిన్న అద్దం పెట్టి కెమెరాలో చూడాలి. లెన్సు ప్రతిబింబం చిత్రానికి నట్టనడుమ కనబడేవరకు కెమెరాను సర్దితే సమాంతరత సిద్ధించినట్లే. ఎఫ్ 8ని దాటి రంధ్రాన్ని మరీ చిన్నది చేయకూడదు. లోతు పెరుగుతుంది గాని, వివర్తనం వల్ల చిత్రం మొత్తం మెత్తబడుతుంది. ఐఎస్ఓ 100, రెండు సెకన్ల ఆలస్యంతో షట్టరు, గదిలో ఫ్యాను ఆపివేయడం కూడా అవసరమే. తిరిగే ఫ్యాను స్టాండును కదిలిస్తుంది, దుమ్మును లేపుతుంది. మన వేసవిలో ఇది తపస్సే. అందుకే తెల్లవారుజామున పని మొదలుపెట్టడం మేలు.

చిత్రాన్ని రా ఫైలుగానే తీయాలి. వెలుగు పరిమాణాన్ని నిర్ణయించేటప్పుడు నెగటివ్‌లో అతిపలుచని భాగం, అనగా చిత్రం లేని ఖాళీ ఫిల్ము, పూర్తిగా తెల్లబడి వివరం కోల్పోకుండా చూచుకొని, ఆ హద్దుకు ఎంత దగ్గరగా వీలైతే అంత దగ్గరగా నిలపాలి. ఎండలో తీసిన సున్నపురాతి శిల్పాల నెగటివ్‌లలో ఆకాశమూ, రాతి వెలుగుముఖమూ చాలా దట్టంగా ఉంటాయి. అటువంటివాటికి ఇంకొక చిత్రాన్ని నాలుగు రెట్ల వెలుగుతో తీసి ఉంచడం మంచిది. ఒక చుట్టంతటికీ వెలుగు పరిమాణం మార్చకూడదు. మార్చితే ఒకే రాతిని రెండు ఫ్రేములలో పోల్చేటప్పుడు తేడా రాతిదో కెమెరాదో తెలియదు.

ఇంతవరకు చెప్పినది నేర్పరితనానికి సంబంధించినది. బౌద్ధ పరిశోధనకు అసలు ముప్పు ఉన్నది మరో రెండు చోట్ల: కుడి ఎడమల తారుమారులో, చుక్కలో.

ఫిల్ముకు ఒకవైపు మెరుగు, మరొకవైపు మసక ఉంటాయి. మసకగా ఉన్నది చిత్రపు పొర. మెరుగువైపు నుండి చూస్తేనే దృశ్యం సరైన కుడి ఎడమలతో కనబడుతుంది. ఫిల్ము అంచున ఉన్న అక్షరాలూ అంకెలూ అప్పుడే సూటిగా చదవవస్తాయి. కాని చిత్రించేటప్పుడు మసకవైపును కెమెరా వైపు ఉంచితే ఆధారపు పొర అడ్డురాదు, స్పష్టత మెరుగు. అప్పుడు వచ్చిన చిత్రం అద్దంలో వలె తిరగబడి ఉంటుంది; దానిని కంప్యూటరులో తప్పక మళ్లీ తిప్పాలి. రెండు పద్ధతులలో ఏదైనా సరే, సంగ్రహమంతటికీ ఒకటే పాటించి, ఆ సంగతి వ్రాసి ఉంచాలి. సగం ఇటు, సగం అటు తీస్తే ఏది తిప్పినదో ఏది తిప్పనిదో మూడు నెలల తరువాత తీసినవారికే గుర్తుండదు.

ఒక వివాహచిత్రం తిరగబడితే పెద్ద నష్టం లేదు. బుద్ధప్రతిమ తిరగబడితే అభయముద్ర ఎడమచేతికి వస్తుంది. అమరావతి, నాగార్జునకొండ శిల్పాలలో నిలుచున్న బుద్ధుని కుడిభుజం అనాచ్ఛాదితంగా ఉంటుంది, ఎడమచేయి చీవరపు అంచును పట్టుకొని ఉంటుంది. తిరగబడిన చిత్రంలో కప్పిన భుజమేది, విప్పిన భుజమేది అన్నది మారిపోతుంది. మహాపరినిర్వాణ శిల్పంలో కుడిపక్కకు ఒరిగి శయనించిన తథాగతుడు ఎడమపక్కకు ఒరుగుతాడు. ఇటువంటివాటిని భిక్షువు చూడగానే పట్టుకోగలడు. ప్రమాదం కనబడనిచోటనే ఉన్నది. వరుసగా కథ చెప్పే ఫలకంలో కథ ఏ దిక్కునుండి ఏ దిక్కుకు నడుస్తున్నదన్నది, అది స్తూపప్రదక్షిణ మార్గంతో పొసగుతున్నదా లేదా అన్నది పండితుల చర్చకు ఆధారం. తిరగబడిన ఒక్క చిత్రం ఆ చర్చను తలకిందులు చేయగలదు. అశోకుని నాటి బ్రాహ్మిలో కకారం కూడిక గుర్తు వలె, ఠకారం వలయం వలె ఉంటాయి. రెండూ అద్దంలోనూ మారవు. విరిగిన శాసనశకలంపై ఇటువంటి అక్షరాలే మిగిలి ఉంటే, చిత్రం తిరగబడిందని అక్షరాలు చెప్పజాలవు. చెప్పగలిగినది ఫిల్ము అంచున ఉన్న సంఖ్య ఒక్కటే.

అందుచేతనే చిత్రాన్ని నాలుగు వైపులా కత్తిరించి అందంగా చేయడానికి ముందు, ఫిల్ము అంచుతో, రంధ్రాలతో, సంఖ్యలతో సహా ఒక చిత్రం తీసి ఉంచాలి. ఆరేసి ఫ్రేముల పట్టీని వెలుగుపలకపై పరచి మొత్తంగా ఒక చిత్రం తీస్తే మరీ మంచిది. ఏ గోతిని ముందు తీశారు, ఏది తరువాత అన్నది ఆ వరుస సంఖ్యలు చెబుతాయి. తవ్వకపు దినచర్య పుస్తకం పోయినచోట ఫిల్ము వరుసయే దినచర్య. ఫిల్ము ఉంచిన కవరు మీద స్థలం పేరు, గోతి సంఖ్య, తేదీ ఎవరో పెన్సిలుతో వ్రాసి ఉంటారు. ఆ కవరునూ తప్పక చిత్రించాలి. పాత కవరును పారవేసి కొత్తదానిలో వేయడం శుభ్రతగా కనబడుతుంది. పురాలేఖ దృష్టితో చూస్తే అది పుష్పిక ఉన్న చివరి ఆకును చింపివేయడంతో సమానం. గాజుపలకలకు అంచు సంఖ్యలు ఉండవు. వాటి అంచున ఛాయాగ్రాహకుడు సిరాతోనో గీతతోనో వ్రాసిన మాటలే శరణ్యం. మరొక చిక్కు కూడా ఉన్నది. ప్రింటు నుండి తిరిగి తీసిన ప్రతినెగటివ్ అయితే, మూలంలోనే తారుమారు జరిగి ఉండవచ్చు. అప్పుడు మెరుగువైపు నియమం కూడా నమ్మదగినది కాదు. శిల్పం ఇప్పటికీ ఎక్కడైనా ఉంటే దానితోనే పోల్చి చూడాలి.

రెండవది చుక్క. దీని విలువ తెలియడానికి రాహుల్ సాంకృత్యాయన్ తెచ్చిన ఛాయాచిత్రాలకంటె మంచి నిదర్శనం లేదు. ఆయన 1929 మొదలు 1938 వరకు నాలుగుసార్లు టిబెట్టు వెళ్లాడు. సాక్య, ఙోర్, ఝలు మఠాలలో శతాబ్దాలుగా భద్రంగా ఉన్న సంస్కృత తాళపత్రాలను చూచి, తీసుకురావడానికి వీలులేనివాటిని కెమెరాతో చిత్రించాడు. 1938 యాత్రలో ఫణి ముఖర్జీ ఛాయాగ్రాహకుడుగా వెంట ఉన్నాడు. ఆ చిత్రాలు పాట్నాలోని బీహారు పరిశోధన సంఘానికి చేరాయి. వాటి ప్రతులు తరువాత జర్మనీలోని గొట్టింగెన్‌కు వెళ్లాయి. వసుబంధుని అభిధర్మకోశభాష్యం సంస్కృత మూలం 1967లో ప్రహ్లాద్ ప్రధాన్ పరిష్కరణతో పాట్నాలో వెలువడింది. ఆ పరిష్కరణకు ఆధారం ఙోర్ మఠంలోని ప్రతికి సాంకృత్యాయన్ తీసుకువచ్చిన ఛాయాచిత్రాలే. చీనా, టిబెట్టు అనువాదాల ద్వారా మాత్రమే తెలిసిన గ్రంథం, దాని కర్త వ్రాసిన భాషలో తిరిగి లభించింది ఫిల్ము ద్వారానే. చలి, తక్కువ వెలుగు, పరిమితమైన ఫిల్ము, తొందర మధ్య తీసినవి గనుక కొన్ని చిత్రాలు మసకగా ఉన్నాయి. అటువంటిచోట పరిష్కర్త కన్ను ప్రతి గీతనూ, ప్రతి చుక్కనూ తూకం వేస్తుంది.

సంస్కృతంలో అనుస్వారమన్నా, పాళిలో నిగ్గహీతమన్నా తాళపత్రంపై అది ఒక చుక్కయే. చుక్క లేకుంటే ‘బుద్ధ’ సంబోధన, ఉంటే ‘బుద్ధం’ ద్వితీయ. వాక్యమే మారుతుంది. ఇప్పుడు నెగటివ్‌పై దుమ్ము ఏమి చేస్తుందో చూడాలి. చిత్రించే వేళ నెగటివ్‌పై పడిన ధూళికణం వెలుగును ఆపుతుంది. కనుక కెమెరాకు అది నల్లగా, చిత్రాన్ని తలకిందులు చేసి పాజిటివ్‌గా మార్చిన తరువాత తెల్లగా కనబడుతుంది. తెల్లచుక్క సిరాచుక్కగా ఎవరినీ మోసగించదు. నల్లచుక్క సంగతి వేరు. నాడు ఫిల్మును కెమెరాలో ఎక్కించేటప్పుడు దానిపై పడిన ధూళి ఆ చోట వెలుగు తగలకుండా ఆపి ఉంటే నెగటివ్‌లో అక్కడ సూదిరంధ్రం వంటి ఖాళీ ఏర్పడుతుంది. పాజిటివ్‌లో అది నల్లచుక్కయై అక్షరం తలపై అనుస్వారంగా కూర్చొంటుంది. చిత్రపు పొర గీరుకుపోయినచోట నల్లని గీత వస్తుంది. అది ఆకారమో రేఫమో అనిపించవచ్చు. ఆధారపు వైపు పడిన గీత మాత్రం వెలుగును చెదరగొట్టి, సాధారణంగా తెల్లగా కనబడుతుంది.

ఈ భేదం తెలుసుకోవాలంటే పాజిటివ్ ఒక్కటే చాలదు. తలకిందులు చేయని చిత్రం ముందుండాలి. దానిని పెద్దదిచేసి చూస్తే సూదిరంధ్రం అంచు కత్తిరించినట్లు పదునుగా, చుట్టూ ఫిల్ము రేణువులతో సంబంధం లేకుండా ఉంటుంది. సిరాచుక్కకైతే లెన్సు గుండా వచ్చినది గనుక పక్కనున్న అక్షరపు అంచుకున్నంత మెత్తదనం తప్పక ఉంటుంది. అక్షరాలు మసకగా ఉన్న ఆకుపై ఒకే ఒక చుక్క పదునుగా కనబడితే అది ఆకుపై లేదు, ఫిల్ముపైనే ఉన్నది. అనుమానం తీరనప్పుడు అదే ఆకుకు వేరొక చిత్రం ఉన్నదేమో వెదకాలి.

కంప్యూటరు తనంతట తాను మచ్చలు తుడిచే సౌకర్యాలు ఈ కారణంగానే ప్రమాదకరం. ఫిల్ముపై దుమ్మును గుర్తించి తుడవడానికి కొన్ని స్కానర్లు పరారుణ కిరణాలను వాడుతాయి. నలుపుతెలుపు ఫిల్ములోని వెండి ఆ కిరణాలను కూడా ఆపివేస్తుంది గనుక అక్కడ ఆ ఉపాయం పనిచేయదు. కాబట్టి కెమెరాలో ఆ సౌకర్యం లేదని చింతించవలసినది లేదు. మృదుసామగ్రి చిత్రాన్ని చూచి మచ్చ అనిపించినదానిని పూడ్చడం వేరొక పద్ధతి. దానికి అనుస్వారమూ మచ్చయే. కృత్రిమ మేధతో మసక చిత్రాన్ని పదునుచేసే సాధనాలు ఇంకొక అడుగు ముందుకు వేసి, లేని గీతలను కల్పిస్తాయి. ఉత్సవచిత్రాన్ని గోడకు వేలాడదీయడానికి వాటిని వాడుకోవచ్చు. శాసనానికి, తాళపత్రానికి, శిల్పానికి వాడినది సాక్ష్యం కాదు.

దుమ్మును తుడవవలసినది ఫిల్ముపైనే, అదీ చిత్రించడానికి ముందే. రబ్బరు బుడ్డితో గాలి ఊది, మెత్తని కుంచెతో మెల్లగా తీయాలి. నోటితో ఊదరాదు, తుంపరలు పడతాయి. బూజు పట్టిన ఫిల్మును నీటితో కడగడం ఘోరమైన పొరపాటు. బూజు తిన్న జిలాటిన్ నీటిలో కరిగి చిత్రంతో సహా పోతుంది. వేలిముద్రల భయంతో నూలు చేతితొడుగులు వేసుకొనే అలవాటు ఉన్నది గాని, వాటి పోగులు రాలుతాయి, పట్టు తప్పుతుంది. నైట్రైలు తొడుగులు మేలు.

నలుపుతెలుపు నెగటివ్‌ను పాజిటివ్‌గా మార్చడం సులభం. డార్క్‌టేబుల్, రాథెరపీ వంటి ఉచిత మృదుసామగ్రిలో అందుకు తగిన అంగాలు ఉన్నాయి. రంగుల నెగటివ్ అలా కాదు. దాని ఆధారమే నారింజవన్నెలో ఉంటుంది. ఆ వన్నెను ముందుగా లెక్కించి తీసివేయాలి. అందుకు అదే చుట్టలోని ఖాళీ భాగాన్ని ఒకసారి చిత్రించి ఉంచుకోవాలి. అంతచేసినా వచ్చిన రంగు ఒక అంచనాయే. మూడు రంగుపొరలు ఒకే వేగంతో వెలియవు. 2006 జనవరిలో అమరావతిలో జరిగిన కాలచక్ర సభను ఫిల్ముపై తీసినవారి నెగటివ్‌లను ఇప్పుడు మార్చేటప్పుడు, టిబెటన్ భిక్షువుల ముదురు ఎరుపు చీవరం, థేరవాద భిక్షువుల కాషాయం ఒకదానివైపు ఒకటి జరిగే అవకాశం ఉన్నది. కంటికి ఇంపుగా ఉన్నదని ఒక రంగును స్థిరపరచడం సంపాదకుడు తన ఊహను మూలపాఠంగా అచ్చువేయడమే అవుతుంది.

ఈ పని మొత్తాన్ని గ్రంథపరిష్కరణ భాషలో చెబితే మఠాలలోని పాఠకులకు తేలికగా బోధపడుతుంది. ఫిల్ము మాతృక. తిప్పని, తుడవని, కత్తిరించని రా ఫైలు యథామాతృకంగా వ్రాసుకొన్న ప్రతి. పాజిటివ్‌గా మార్చి, వెలుగునీడలు సర్ది, కుడి ఎడమలు నిర్ణయించి ఇచ్చిన చిత్రం పరిష్కృత పాఠం. పరిష్కృత పాఠం ఎన్నిసార్లైనా మారవచ్చు, మారడమే మంచిది. యథామాతృక ప్రతి మారకూడదు. పాజిటివ్ మాత్రమే ఉంచి రా ఫైలును చెరిపివేసేవారు ఉన్నారు. స్థలం మిగులుతుందనే వారి వాదనలో పస లేదు. నేటి ధరలలో వేయి రా ఫైళ్లకు పట్టే స్థలం ఒక భోజనం ఖర్చుకు మించదు.

ప్రతి ఫైలుకు పేరు ఆంగ్ల అక్షరాలు, అంకెలతోనే ఉంచడం క్షేమం. సంగ్రహం గుర్తు, చుట్ట సంఖ్య, ఫ్రేము సంఖ్య చాలు. స్థలం, శిల్పం, వ్యక్తుల వివరాలు పేరులో ఇరికించక వేరొక పట్టికలో వ్రాయాలి. ఆ పట్టికలో ఏ వివరం కవరు మీదిది, ఏది వ్రాసినవారి ఊహ అన్నది విడివిడిగా కనబడాలి. ‘తొట్లకొండ’ అని కవరు మీద ఉంటే అది ఒక సాక్ష్యం, చిత్రంలో సముద్రం కనబడింది గనుక తొట్లకొండ అయి ఉంటుందని వ్రాస్తే అది వేరొకటి. నెగటివ్ ఎవరి ఇంటినుండి, ఏ సంవత్సరంలో చేతికి వచ్చినదో కూడా అక్కడే ఉండాలి. ప్రతులు మూడు చేసి, ఒకటి వేరే ఊరిలో ఉంచాలి. ఫైలు చెడిపోయిందో లేదో తేల్చే చెక్‌సమ్ సంఖ్యలను పట్టికకు జతచేసి, ఏడాదికొకసారి సరిచూడాలి.

చిత్రించడం పూర్తయిన తరువాత ఫిల్మును ఏమిచేయాలన్నది తరచుగా వినబడే ప్రశ్న. పారవేయకూడదు. నేటి కెమెరా చూడలేనిది రేపటిది చూడవచ్చు. అనుమానపు చుక్క వద్దకు తిరిగి వెళ్లవలసి వచ్చినప్పుడు వెళ్లడానికి ఫిల్మే ఉండాలి. ఎసిటేటు ఫిల్మును గాలి చొరని ప్లాస్టికు సంచిలో బిగించి ఉంచితే దాని ఆవిరి దానినే తింటుంది. ఆమ్లం లేని కాగితపు కవరులో, ఒక్కొక్క పట్టీని వేరువేరుగా ఉంచాలి. పీవీసీ తొడుగులు పనికిరావు. అటక, మిద్దె కింది గది, వంటింటి గోడకు ఆనిన బీరువా అన్నిటికంటె చెడ్డ చోట్లు. పురుగుల భయంతో బీరువాలో కలరా ఉండలు వేసే అలవాటు దాదాపు ప్రతి ఇంటా ఉన్నది. ఫిల్ము ఉన్నచోట అవి కూడదు. ఇంటిలో ఎక్కువ చల్లగా, ఎక్కువ పొడిగా ఉండే లోపలి గదిలో, నేలనుండి జానెడు ఎత్తున, అట్టపెట్టెలో ఉంచి, వానకాలం ముందూ తరువాతా ఒకసారి మూత తీసి వాసన చూడాలి.